బిడ్డకి ఒక్క ఓటు

శశికాంత్ నీలం చొక్కా ఇస్త్రీ చేస్తూ సంయుక్త ఆ మాట చెప్పింది. ముఖ్యమైన మాట చెప్పాలంటే ఆమెకు చేతిలో ఏదో ఒక పని ఉండాలి. చేతులు ఖాళీగా పెట్టుకుని చెబితే మాట పెద్దదైపోతుంది, విన్నవాళ్ళు కంగారు పడతారు, ఆ కంగారు తీర్చే పని మళ్ళీ ఆమెదే అవుతుంది. అందుకని కాలరు తిప్పి పరుస్తూ, ఇస్త్రీపెట్టె వంకే చూస్తూ, "సాయంత్రం ఈషా స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ఉంది కదండీ. క్లాసు తరఫున ప్రతినిధిని ఎన్నుకుంటారు. నేను నిలబడదామనుకుంటున్నాను" అంది.

"నీ ఇష్టం" అన్నాడు శశికాంత్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

పన్నెండేళ్ళ కాపురంలో సంయుక్తకు బాగా అర్థమైన మాట అదొక్కటే. వద్దు అనడం శశికాంత్‌కు చేతకాదు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు, ఆదివారాలు గిన్నెలు కూడా తోముతాడు. జర్మనీలోని ఈ వోల్ఫ్స్‌బర్గ్ ఊరి తెలుగువాళ్ళందరిలోకీ మంచి మొగుడని పేరు. కాకపోతే ఆయన "నీ ఇష్టం" అన్నాక ఇంట్లో ఒక రకమైన చలి మొదలవుతుంది. అడిగినదానికి జవాబు చెబుతాడు, అంతకు మించి మాట్లాడడు. అన్నం తింటాడు, బాగుందనడు. ఆ చలిలో రెండు రోజులో మూడు రోజులో తిరిగి, చివరికి తన ఇష్టాన్ని తనే మడిచి బీరువాలో పెట్టేసుకునేది సంయుక్త. అప్పుడాయన మళ్ళీ మామూలుగా నవ్వేవాడు. "నేనేమైనా అన్నానా?" అనేవాడు. నిజమే, ఏమీ అనలేదు.

మూడు నెలలుండి పోదామని రాజమండ్రి నుంచి వచ్చిన అత్తగారు వెంకటరమణమ్మ, సోఫాలో కూర్చుని జుకినీ చెక్కు తీస్తోంది. ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకది బీరకాయే. పీచులేని పిచ్చి బీరకాయ అని రోజూ దాన్ని తిడుతూనే పచ్చడి చేస్తుంది.

"ఎలక్షనేవిటే అమ్మాయ్? జెండాలట్టుకుని తిరగాలా?"

"లేదత్తయ్యా. చీటీ మీద పేరు రాస్తారు, అంతే."

"అయినా మనకెందుకే, పరాయి దేశంలో ఈ పెత్తనాలు? తెల్లారి లేచి ఆ పసుప్పచ్చ కోటు తగిలించుకుని రోడ్డు మీద నిలబడ్డం చాల్లేదూ?"

ఆ పసుపుపచ్చ కోటుతోనే మొదలైంది ఇదంతా. ఈషా బడి ముందున్న రోడ్డు కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళే రోడ్డు. పిల్లలు బడికి చేరే వేళకే ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ కార్లన్నీ ఆ దారినే పరుగెడతాయి. పిల్లల్ని అటు నుంచి ఇటు దాటించడానికి తల్లిదండ్రులే వంతులవారీగా నిలబడతారు. జీతమేమీ లేదు. మెరిసే కోటొకటి, గుండ్రటి ఎర్ర బిళ్ళ ఉన్న కర్రొకటి స్కూలువాళ్ళిస్తారు. వంతులని పేరే గాని, చలి ముదిరేసరికి అందరి వంతులూ ఒక్కొక్కటే జారి సంయుక్త ఒళ్ళో పడ్డాయి. "మీకెలాగూ ఆఫీసు లేదు కదా" అనేవాళ్ళు, ఎంతో మర్యాదగా. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో శశికాంత్ స్నేహితుడు భార్గవ్, "ఏంటి బాబాయ్, వదిన్ని ట్రాఫిక్ కానిస్టేబుల్ని చేసేశావ్" అని నవ్వితే, శశికాంత్ కూడా నవ్వేశాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు చలి.

పోయిన నవంబరులో, పొగమంచు దట్టంగా ఉన్న పొద్దున, సంయుక్త రోడ్డుకి ఆ చివర ఉండగా ఒకటో తరగతి పిల్ల ఒకతె ఈ చివర నుంచి పరుగెత్తింది. వీపు మీది సంచికి కారు అద్దం తగిలి, గిర్రున తిరిగి పడింది. దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆ పిల్ల ఏడవకుండా లేచి, ఊడిపోయిన బూటు కోసం రోడ్డు మీద తడుముకోవడం సంయుక్త కళ్ళముందు నుంచి పోలేదు. అక్కడ సిగ్నల్ లైటు పెట్టమని ఊరి ఆఫీసుకు రాసింది. బడి తల్లిదండ్రుల మండలి తీర్మానం చేస్తేనే చూస్తామన్నారు. ఆ మండలిలో కూర్చునేది క్లాసుకొక ప్రతినిధి. ఉపప్రతినిధి కూడా ఉంటారు గాని, అసలు మనిషి రాని రోజునే వాళ్ళకు కుర్చీ. లైటు కావాలంటే ఆ కుర్చీ కావాలి. అందుకే నిలబడదామనుకుంది.

అందుకొక్కదానికేనా అని ఎవరైనా నిలదీస్తే, కాదు అని ఒప్పుకునేది. పార్వతీపురంలో డిగ్రీ అయ్యాక మద్రాసు వెళ్ళి ఆఫీసర్ల శిక్షణ తీసుకుని, పదేళ్ళు సైన్యంలో చేసిన మనిషి సంయుక్త. దిగేనాటికి మేజరు. సైన్యానికి తిండీ, డీజిలూ చేరవేసే దళం ఆమెది. లద్దాఖ్‌లో మంచు పడి కనుమ మూసుకుపోయేలోపు, లారీల వరసను కొండ ఆ పక్కకు దాటించాలి. ఒకసారి సగం దారిలో కొండచరియ విరిగిపడి, ముందుకీ వెనక్కీ దారి లేకపోయింది. డ్రైవర్లందరూ కిందికి దిగి ఆమె ముఖం వంక చూశారు. "మేడమ్ సాబ్, ఏం చేద్దాం?" అన్నట్టు. వాళ్ళలో ఆమె తండ్రి వయసు వాళ్ళున్నారు. తను ఏది చెబితే అది చెయ్యడానికి నిలబడ్డారు. ఏం చెయ్యాలో తను చెప్పింది, చేశారు, అందరూ ప్రాణాలతో దిగారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఎవరూ ఆమె వంక అలా చూడలేదు. ఇప్పుడు ఇంట్లో ఆమె ముఖం చూసేది కూరలో ఉప్పు సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి.

ఈషాకు ఏడాది నిండకముందే పదేళ్ళ సర్వీసు గడువు వచ్చింది. కావాలంటే ఇంకో నాలుగేళ్ళు పొడిగించమని అడగొచ్చు. సరిగ్గా అప్పుడే శశికాంత్‌కు ఇక్కడ కార్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. "నీ ఇష్టం" అన్నాడు. పసిపిల్ల పాలు తాగుతూ ఉండగా ఆ చలి పదకొండు రోజులు నడిచింది. చివరికి సంయుక్తే, "నాకే ఓపిక లేదులెండి, మానేస్తాను" అంది. ఆ తర్వాత మూడేళ్ళకు కోర్టు తీర్పు వచ్చి, సర్వీసులో ఉన్న ఆడవాళ్ళకు కూడా రిటైరయ్యేదాకా ఉండే హక్కు వచ్చింది. ఆమెతో పాటు శిక్షణలో పక్కమంచం పిల్ల ఆండాళ్ ఇప్పుడు కల్నల్. భుజాల మీద కొత్త నక్షత్రాలతో ఫోటో పంపితే, "చాలా సంతోషంగా ఉందే" అని రాసి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది సంయుక్త. సంతోషం అబద్ధం కాదు. ఏడుపూ అబద్ధం కాదు.

ఇంటికొచ్చిన వాళ్ళతో శశికాంత్ చెప్పే మాట వేరు. "ఆర్మీ వద్దని తనే మానేసిందండీ. ఫ్యామిలీయే ముఖ్యమంది." పక్కన పకోడీల పళ్ళెం పట్టుకుని సంయుక్త తలూపేది. ఈషాకూ అదే చెప్పి పెంచారు. "నువ్వంటే అమ్మకెంత ఇష్టమో చూడు, నీకోసమే అంత పెద్ద ఉద్యోగం వదిలేసింది" అని. ఆ పిల్ల నెత్తిన అంత బరువెందుకు పెట్టారో, పెడుతుంటే తనెందుకు ఊరుకుందో సంయుక్తకు తెలియదు. ఊరుకోవడం అలవాటైపోయింది.

ఆ పొద్దున కూడా ఎప్పటిలాగే చొక్కా అందుకుని, గుండీలు పెట్టుకుంటూ శశికాంత్ అడిగాడు. "మరి ఫ్రావ్ హైకే? ఆవిడ నిలబడ్డం లేదా?"

హైకే లిండ్‌నర్ రెండేళ్ళుగా ఆ క్లాసు ప్రతినిధి. బంగారం లాంటి మనిషి, ఎవరు ఎదురుపడినా నవ్వుతుంది, కేకులు బాగా చేస్తుంది. ఆవిడ భర్త రాల్ఫ్ శశికాంత్ టీమ్ లీడ్. శశికాంత్ ఆవిణ్ణి ఫ్రావ్ హైకే, అంటే హైకేగారు అంటాడు. మన దగ్గర శాంతగారు, సుబ్బారావుగారు అన్నట్టు. ఇక్కడ స్నేహితులైతే వట్టి హైకే అనాలి, కాకపోతే ఇంటిపేరుతో ఫ్రావ్ లిండ్‌నర్ అనాలి. రెండూ కలిపి ఎవరూ అనరు. సంయుక్త చాలాసార్లు చెప్పి చూసింది. "బాస్ వైఫ్‌ని వట్టి పేరుతో పిలుస్తారా ఎవరైనా? నోరెలా వస్తుంది?" అనేవాడు. ఆవిడకు ఆ పిలుపు సరదాగా ఉండేది. ఈ ఊళ్ళో తననలా పిలిచేది ఒక్క శశికాంతేనని పిల్లల పుట్టినరోజు పార్టీలో అందరి ముందూ చెప్పి మురిసింది.

"నిలబడుతోంది. తనకి పండగలూ, కేకులూ చూసుకోవడం ఇష్టం. లైటు గురించి అడిగాను. షిఫ్టు టైములో ట్రాఫిక్ ఆగిపోతుందేమో, తొందరపడొద్దు అంది."

"ఆవిడ మీద నిలబడతావా?"

"మీద కాదండీ. ఆవిడతో పాటు."

 శశికాంత్ టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు చల్లబడడం మొదలైంది. కానీ ఈసారి తిరిగి తిరిగి తనే కరిగిపోవడానికి సంయుక్తకు రెండు మూడు రోజుల వ్యవధి లేదు. మీటింగ్ ఆ సాయంత్రమే.

ఆరు గంటలకు శశికాంత్ నేరుగా ఆఫీసు నుంచి స్కూలుకొచ్చాడు. వస్తాడని సంయుక్త అనుకోలేదు. తలుపులో ఆయన్ను చూడగానే గుండె నిండిపోయింది. ఎంత సులువుగా నిండిపోతుందో దానికి! పక్కనే చోటు చూపించింది. మూడో తరగతి పిల్లల చిన్న చిన్న కుర్చీల్లో పెద్దవాళ్ళందరూ మోకాళ్ళు గడ్డాలకు తగిలేట్టు కూర్చున్నారు. గోడ మీద పిల్లలు వేసిన ముళ్ళపందుల బొమ్మలు. ఈషా ముళ్ళపందికి బొట్టు పెట్టింది.

క్లాసు టీచరు ఫ్రావ్ బ్రాంట్ ముందుగా పద్ధతి చెప్పింది. రహస్య ఓటు. చీటీ మీద ఒక పేరు రాసి, మడిచి పెట్టెలో వెయ్యాలి. బిడ్డకి ఒక్క ఓటే. అమ్మానాన్నా ఇద్దరూ వచ్చినా ఇద్దరికీ కలిపి ఒకే చీటీ.

పోటీ చేసేవాళ్ళు రెండు మాటలు చెప్పాలన్నారు. హైకే లేచి, శరదృతువు పండగ గురించి, క్లాసు నిధి గురించి హాయిగా మాట్లాడింది. తర్వాత సంయుక్త లేచింది. వారం నుంచి గిన్నెలు తోముతూ, మెట్లు దిగుతూ వల్లెవేసుకున్న జర్మన్ వాక్యాలు.

"నేను ఈషా తల్లిని. పొద్దున్నే పసుపుపచ్చ కోటులో మీ పిల్లల్ని రోడ్డు దాటించేది నేనే. అంతకుముందు పదేళ్ళు భారత సైన్యంలో పనిచేశాను, మేజరుని. మంచు కొండల్లో లారీలను దాటించడం నా పని. మనుషుల్ని క్షేమంగా అవతలకు చేర్చడం ఎలాగో నాకు తెలుసు. ఆ రోడ్డు మీద సిగ్నల్ లైటు వచ్చేదాకా నేను అడుగుతూనే ఉంటాను."

 వెనకనున్న ఒక తండ్రి, "మేజరా!" అన్నాడు పైకే. రోజూ నమస్కారం చెప్పి పోయే ముఖాలు మొదటిసారి ఆగి ఆమెను చూశాయి. రెండేళ్ళుగా ఆ కోటు లోపల ఒక మనిషి ఉందని వాళ్ళకప్పుడే తెలిసినట్టుంది. పసిపిల్లల తల్లి ఒకతె, సిరియా నుంచి వచ్చినావిడ, మాటలన్నీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది. సంయుక్త వీపు దానంతటదే నిటారుగా నిలబడింది. అలా నిలబడి ఎన్నేళ్ళయిందో. కూర్చోబోతూ శశికాంత్ వంక చూసింది. ఆయన తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

చీటీ వాళ్ళ ముందుకొచ్చింది. పెన్ను సంయుక్త చేతిలోనే ఉంది. తన పేరు తనే రాసుకోవాలంటే సిగ్గేసింది. ఇంట్లో అందరూ తిన్నాక తినడం నేర్పారు. సైన్యంలో, చేసిన పని చెప్పుకో, నీ పేరు పైవాళ్ళు చెబుతారు అని నేర్పారు. రెండు చోట్లా తన పేరు తను చెప్పుకోకూడదనే నేర్పారు. పైగా, ఆయన రాస్తే బాగుంటుందని ఒక ఆశ. పదేళ్ళు పైవాళ్ళ సంతకాలతో పదోన్నతులు పొందిన మనిషికి, మొగుడి చేతిరాతలో తన పేరు చూసుకోవాలన్న ఆశ. ఎంత పిచ్చిది!

"మీరే రాయండి" అని చీటీ, పెన్ను ఆయన ముందుకు జరిపింది.

శశికాంత్ పరీక్షలో పక్కవాడు చూస్తాడని భయపడే కుర్రాడిలా ఎడంచెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు. రాసి నాలుగు మడతలు పెట్టి తనే వెళ్ళి పెట్టెలో వేసి వచ్చాడు. ఆ అడ్డం పెట్టిన చేతిని చూసి సంయుక్తకు ముద్దొచ్చింది.

ఫ్రావ్ బ్రాంట్ ఒక్కొక్క చీటీ విప్పి పైకి చదువుతూ, నల్లబల్ల మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. లిండ్‌నర్. సంయుక్త. హైకే. సంయుక్త. సంయుక్త. ఆమె పేరు పలకడానికి టీచరు ప్రతిసారీ కొంచెం కష్టపడుతోంది, కానీ పలుకుతోంది. ఏడెనిమిది చీటీలయ్యాక ఒకటి విప్పి, నవ్వు ముఖంతో చదివింది.

"ఫ్రావ్ హైకే."

గదిలో నవ్వులు. "ఎంత ముద్దుగా ఉంది!" అంది ఎవరో. "చెల్లుతుంది, మనకి ఉన్నది ఒక్క హైకేనే" అంటూ టీచరు గీత గీసింది. హైకే కూడా నవ్వబోయి, ఏదో తట్టినట్టు శశికాంత్ వంక ఒకసారి చూసి తల దించుకుంది.

సంయుక్త నవ్వలేదు. ఇంకెవరైనా రాసి ఉండొచ్చు కదా అనుకుంది. కావాలని, గట్టిగా అనుకుంది. తర్వాత పక్కకు చూసింది. శశికాంత్ గోడ మీది ముళ్ళపందులను ఎంతో శ్రద్ధగా లెక్కపెడుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత చదివిన చీటీలేవీ ఆమె చెవికి సరిగా ఎక్కలేదు. గీతలు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. ఒకటి అటు, ఒకటి ఇటు. చివరికి హైకేకు పదకొండు, సంయుక్తకు పది. చప్పట్లు కొట్టారు. సంయుక్త కూడా కొట్టింది. ఎవరూ చెప్పనక్కరలేని లెక్క అది. ఆ ఒక్క చీటీ ఇటు పడి ఉంటే పదకొండు తనవి. పరాయి భాషలో, పరాయి మనుషులు పదిమంది తన పేరు కష్టపడి రాశారు. ఇంట్లోవాడు రాయలేదు.

హైకే లేచి ఆమె దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "మీరు ఉపప్రతినిధిగా ఉండండి. ఆ రోడ్డు పనంతా మీరే చూడండి. ఉత్తరాలూ అవీ మీకే బాగా వస్తాయి, నాకు టైము ఉండదు" అంది నిజంగా ప్రేమతోనే. పని నీది, కుర్చీ నాది అని ఆమె అనుకుని ఉండదు. లోకంలో అలాంటి ఏర్పాట్లన్నీ ఎవరూ ఏమీ అనుకోకుండానే జరిగిపోతాయి. సంయుక్త బూటు వెతుక్కుంటున్న ఆ ఒకటో తరగతి పిల్లను తలుచుకుని సరేనంది.

ఉపప్రతినిధికి ఎవరూ పోటీ లేరు కనుక, చేతులెత్తితే చాలన్నారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి, అందరికంటే ఎత్తుగా లేచిన చెయ్యి శశికాంత్‌ది. నీలం చొక్కా చెయ్యి, పొద్దున సంయుక్త ఇస్త్రీ చేసిన మడతతో. ఆ చెయ్యి చూసినప్పుడే ఆమె లోపల ఏదో తెగింది. ఓడిపోయినప్పుడు కూడా అంత బాధ వెయ్యలేదు.

కారులో కూర్చున్నాక శశికాంతే మొదలుపెట్టాడు. బయట ఇంకా వెలుగుంది. కాలవకు అవతల ఫ్యాక్టరీ పొగగొట్టాలు నాలుగూ వరసగా కనిపిస్తున్నాయి.

"డెప్యూటీ వచ్చిందిగా. హాయి. పేరుకి పేరూ ఉంటుంది, టెన్షనూ ఉండదు."

"ఎందుకండీ?" అంది సంయుక్త.

"ఏంటెందుకు?"

ఆమె ఆయన వంకే చూస్తూ కూర్చుంది. ఆయన రెండు సిగ్నల్స్ దాటేదాకా ఓర్చుకున్నాడు. తర్వాత గడగడా చెప్పేశాడు. "మన ఓటు మనకే వేసుకుంటే ఏం బాగుంటుంది చెప్పు? మర్యాద కాదు కదా. అయినా నువ్వు ఎలాగూ గెలుస్తావనే అనుకున్నాను నేను. ఒక్క ఓటు దగ్గర పోతుందని కలగన్నానా? అవతల రాల్ఫ్ వైఫ్. రేపు ఆఫీసులో ఆయన ముఖం నేను చూడాలి."

"రహస్య ఓటు కదండీ. రాల్ఫ్‌కి ఎలా తెలుస్తుంది?"

 "నువ్వే కదా నన్ను రాయమన్నది" అన్నాడు చివరికి.

అది నిజం. ఆ మాటే ఆమెను ఎక్కువ కోసింది. ఆయన ఏదీ లాక్కోడు. ఏనాడూ లాక్కోలేదు. తనే తెచ్చి చేతిలో పెడుతుంది. ఉద్యోగాన్ని అలాగే పెట్టింది, ఈ చీటీనీ అలాగే పెట్టింది. పెట్టేదాకా ఆ చలిని భరించలేకపోవడమే తన నేరం. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కన్నీళ్ళు వాటంతటవి కారుతూ ఉంటే తుడుచుకోలేదు. ఆయన చూశాడు. చూసి రేడియో పెట్టాడు.

ఇంటికి రాగానే వెంకటరమణమ్మ, "గెలిచావుటే?" అంది.

"లేదత్తయ్యా. ఒక్క ఓటుతో పోయింది."

వెంకటరమణమ్మ కోడలి ముఖం చూసింది. స్నానానికని గబగబా లోపలికి పోతున్న కొడుకు వీపు చూసింది. ఆవిడకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. వంటింట్లోకి వచ్చి, కుళాయి కింద చేతులు కడుక్కుంటున్న సంయుక్త పక్కన నిలబడి, గొంతు తగ్గించి అంది.

"మీ మామగారు ఏ గుర్తు చెబితే ఆ గుర్తుకే గుద్దొచ్చేదాన్నే నేను. రిక్షాలో తీసుకెళ్ళి, లోపలికెళ్ళే ముందు ఇంకోసారి చెప్పేవారు, మర్చిపోతానేమోనని. ఒక్కసారి మటుకు వేరే దానికి గుద్దాను. ఎందుకో తెలీదు. ఆ గుర్తు పెట్టుకున్నాయన ఎవడో కూడా తెలీదు నాకు. ఇంటికొచ్చాక రెండ్రోజులు అన్నం సయించలేదు, ఆయనకి తెలిసిపోతుందేమోనని."

"తెలిసిందా అత్తయ్యా?"

"ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పటిక్కూడా, తెలిసిపోయిందేమోననే భయం నాకు." ఆవిడ చీర కొంగుతో కోడలి తడిచేతులు తుడిచింది.  కొడుకును సమర్థించనూ లేదు, తిట్టనూ లేదు. ఈ పన్నెండేళ్ళలో అత్తగారు తన చేతులు ముట్టుకోవడం అదే మొదటిసారని సంయుక్తకు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే సంయుక్త ఈషా బ్రెడ్డు డబ్బాలో దోసె ముక్కలు సర్దుతోంది. శశికాంత్ బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాడు. ఇవాళ చలి లేదు. పొద్దుట్నుంచీ రెండుసార్లు నవ్వాడు, చట్నీ బాగుందన్నాడు. తను మళ్ళీ మామూలైపోయాడు కనుక ఇల్లూ మామూలైపోవాలి. అదీ ఆ ఇంటి పద్ధతి.

ఈషా జడలు వేయించుకుని వచ్చి కుర్చీ ఎక్కింది. ఆ పిల్ల మాట్లాడేది సగం జర్మన్, సగం తెలుగు.

"అమ్మా, హైకే గెలిచిందట కదా. వాళ్ళబ్బాయి మాక్స్ ఫోన్లో చెప్పాడు. ఒక్క ఓటేనట!"

"అవునమ్మా."

"అయ్యో, ష్వాదే" అంది పిల్ల, జర్మన్‌లో జాలిపడుతూ. తర్వాత తండ్రి వైపు తిరిగి, తెలిసిన సంగతినే ఖాయం చేసుకుంటున్నట్టు అడిగింది. "నాన్న నీకే వేశాడు కదా?"

శశికాంత్ కాఫీ కప్పు కింద పెట్టాడు. సంయుక్త వంక చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. ఆర్మీ ఎందుకు మానేశారండీ అని ఎవరైనా అడిగినప్పుడు పకోడీల పళ్ళెం వైపు చూసే చూపు అది. కాస్త తలూపు, కాస్త నవ్వు, నా మర్యాద నిలబెట్టు అని అడిగే చూపు. అందులో నిజంగానే భయం ఉంది. ఆ భయాన్ని చూస్తే ఆమెకు జాలి కలిగింది, ఇప్పటికీ. ఇన్నేళ్ళుగా ఆ జాలితోనే తలూపుతూ వచ్చింది. అవునమ్మా అనేస్తే అయిపోతుంది. పిల్ల నాన్నను ముద్దు పెట్టుకుని బడికి పోతుంది. పెద్దదై ఏ నాటికో, తన చీటీ కూడా ఇంకొకరి చేతికి ఇచ్చి, రాసే చేతిని చూసి మురిసిపోతుంది.

డబ్బా మూత నొక్కి పెట్టింది సంయుక్త. చేతిలో పని అయిపోయింది. మళ్ళీ ఇంకోటి వెతుక్కోలేదు. ఖాళీ చేతులతోనే కూతురి వైపు తిరిగింది.

"లేదమ్మా. నాన్న నాకు వెయ్యలేదు. నేనూ వేసుకోలేదు."

 శశికాంత్ ముఖం పాలిపోయింది. "సంయుక్తా, పిల్ల ముందు ఏంటది..." అని ఆగిపోయాడు. సోఫాలో వెంకటరమణమ్మ జుకినీ చెక్కు తీయడం ఆపింది.

ఈషా తండ్రి వంకా, తల్లి వంకా మార్చి మార్చి చూసింది. ఎనిమిదేళ్ళ పిల్ల. లెక్కలు త్వరగా చేస్తుంది.

"మరి ఆర్మీ?" అంది నెమ్మదిగా. ఈసారి పూర్తిగా తెలుగులోనే అడిగింది. "అది నువ్వే మానేశావా? నాకోసం?"

వెంకటరమణమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుంటూ తలుపు దగ్గరికి నడిచి, కొక్కేనికున్న పసుపుపచ్చ కోటు తీసి, కోడలికి తొడుక్కోవడానికి వీలుగా రెండు చేతులతో విప్పి పట్టుకుంది.

"బూట్లు వేసుకో తల్లీ" అంది సంయుక్త. "దారిలో చెబుతాను."